ఓడినవారి ఒప్పుదల

చిరంజీవి అమ్మలుకు,

నీ ఉత్తరం చేరింది. "నేను ఓటెయ్యని ప్రభుత్వం చేసిన చట్టానికి నేనెందుకు తల వంచాలి?" అని నిలదీశావు. తొలి ఓటు వేసిన అభ్యర్థి ఓడిపోయాడన్న ఉక్రోషంలో అడిగినా, పౌరులంతా అడగాల్సిన ప్రశ్నే అడిగావు.

ఎక్కువమంది ఔనన్నారు కాబట్టి అని సరిపెట్టలేను. ఊరంతా ఏకమై ఒక్కడి చేను లాక్కోవాలని తీర్మానిస్తే, ఎన్ని చేతులు లేచినా అది దౌర్జన్యమే. లెక్క అవసరమే. ఆ లెక్కకు ముందూ వెనకా ఏం జరిగిందన్నది అంతకన్నా ముఖ్యం.

ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో, పార్లమెంటు 42వ రాజ్యాంగ సవరణ చేసింది. లోక్‌సభ గడువును అయిదేళ్ల నుంచి ఆరేళ్లకు పెంచుకుంది. సభలో కావలసిన మెజారిటీ వచ్చింది, రాష్ట్రపతి ఆమోదముద్రా పడింది. కానీ అప్పటికి ప్రతిపక్ష నాయకులెందరో జైళ్లలో ఉన్నారు. పత్రికల మీద సెన్సారు ఉంది. ఆ ఏడు జరగాల్సిన ఎన్నికలు వాయిదా పడ్డాయి. కాదనేవాళ్ల నోరు కట్టేసి అనిపించుకున్న ఔను జనం మనసులో నిలవలేదు. 1978లో 44వ సవరణ ఆ గడువును మళ్లీ అయిదేళ్లకు తెచ్చింది.

ఆ రెండింటి మధ్య, 1977 మార్చిలో ఎన్నికలొచ్చాయి. అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పార్టీ తరఫున గెలిచారు. దేశం మొత్తం మీద మాత్రం కాంగ్రెస్ ఓడింది. రాయ్‌బరేలీలో తానే ఓడిన ఇందిరాగాంధీ రాజీనామా చేశారు, మొరార్జీ దేశాయ్ ప్రధాని అయ్యారు. మన రాష్ట్రంలో ఎక్కువమంది కోరుకోని ప్రభుత్వం ఢిల్లీలో కొలువుదీరింది. అయినా దాని మాట ఇక్కడ చెల్లింది. మన ఓటుకూ బీహారు రైతు ఓటుకూ ఒకటే విలువ కట్టారు, నచ్చినవాళ్ల తరఫున ఊరూరా తిరిగి చెప్పుకోనిచ్చారు, మళ్లీ అడిగే రోజు వస్తుందన్న నమ్మకం మిగిల్చారు. ఆ రోజు 1980లోనే వచ్చింది, కాంగ్రెస్ తిరిగి గెలిచింది.

ప్రజాస్వామ్య నిర్ణయానికి మన మీద హక్కు అక్కడి నుంచే వస్తుందమ్మా. నన్ను సమానంగా లెక్కించారు, నా మాట విన్నారు, రేపు దీన్ని మార్చే దారి ఉంచారు, ఈలోగా నా ప్రాథమిక హక్కుల జోలికి రాలేదు అని ఓడినవాడు అనుకోగలగాలి.

అందుకే చెబుతున్నాను. నీకు నచ్చని చట్టాన్ని పాటిస్తూనే దాని మీద గట్టిగా పోరాడు. కోర్టుకు వెళ్లు, సభ పెట్టు, వ్యాసం రాయి. ఏదైనా చట్టం నీ అంతరాత్మకు బొత్తిగా మింగుడు పడకపోతే, గాంధీగారిలా బాహాటంగా ధిక్కరించి శిక్షకు సిద్ధపడు. చాటుగా తప్పించుకోవడం పిరికితనం.

నువ్వు గెలిచిన రోజున ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గ్రామసభ జరపకుండానే రిజిస్టరు ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించే ఊళ్లున్నాయి. కోరం నిండుతుంది, తీర్మానం ఎక్కుతుంది, వెనక వరసలో లేచి అడగాల్సిన మనిషికి మాత్రం ఆ అవకాశమే రాదు. నీ చేతికి ఎప్పుడైనా అధికారం వస్తే, ముందు ఆ మనిషిని పిలిపించి, చెప్పేదంతా చెప్పనివ్వు. కాదన్న మాటను కూడా మినిట్సులో రాయించు. ఆ తర్వాతే ఓటుకు పెట్టు. అలా వచ్చిన నిర్ణయాన్ని పాటించమని అతన్ని అడిగే హక్కు నీకుంటుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య