ఏ నీటిమీద ప్రయాణము?

వాక్యభాగములు: 2 రాజులు 5:9–14, యోనా 1:1–3, అపొస్తలుల కార్యములు 16:11–15



గత వర్షాకాలములో ఒక సాయంకాలమున మన సంఘ పెద్దలలో ఒకరు భార్యను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చిరి. ఆయన ముప్పది సంవత్సరములకు పైగా జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు బడులలో పంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. దూరదేశములో ఉద్యోగము చేయుచున్న కుమారుడు, “మీ కాళ్లలో ఓపిక ఉండగానే బైబిలు దేశములు చూచి రండి, ఖర్చు నాది” అని చెప్పి రెండు ప్రయాణముల వివరములు పంపెను. ఒకటి సముద్రపు ఓడ. అది గ్రీసు దేశపు రేవునుండి బయలుదేరి పత్మాసు ద్వీపమునకును ఎఫెసు దాపునకును పోవును. రెండవది నది పడవ. అది ఐగుప్తులో నైలునదిమీద లక్సోరునుండి అస్వాను వరకు పోవును.

“అయ్యగారూ, ఓడ ఎక్కమంటారా, పడవ ఎక్కమంటారా?” అని మాస్టారు అడిగిరి. అమ్మగారు మాత్రము, “ముక్త్యాల రేవులో బల్లకట్టు ఎక్కి మాదిపాడు పోవాలంటేనే నాకు గుండె దడండీ. సముద్రమంటే ఇంకేమన్నా ఉందా!” అనిరి.

నాకును సంతోషము కలిగెను. బైబిలు వెనుకనున్న పటము తీసి, తెలిసిన సంగతులన్నియు చెప్పితిని. చదువరులకును పనికివచ్చును గనుక వాటిని ఇక్కడ వ్రాయుచున్నాను.

సముద్రపు ఓడలు పెద్దవి. కొన్నిటిలో వేలమంది ప్రయాణికులుందురు. రాత్రి నడచి ఉదయమునకు ఒక రేవు చేరును. పగలు కొన్ని గంటలే నిలుచును. ఒక్క ప్రయాణములో అనేక పట్టణములు చూడవచ్చును, అది దాని మేలు. అయితే చూడవలసిన స్థలము తరచుగా రేవులో నుండదు. పిరయసు రేవులో దిగినవారు ఏథెన్సుకు సుమారు 10 కిలోమీటర్లు పోవలెను. ఎఫెసు చూడగోరువారు తుర్కీ దేశములోని కుశాదసి రేవులో దిగి సుమారు 20 కిలోమీటర్లు బస్సులో పోవలెను. పౌలు కాలములో ఎఫెసుకే రేవుండెను. నది తెచ్చిన ఒండ్రుమట్టితో అది పూడిపోయి, సముద్రము దూరమునకు జరిగినది. మన ఘంటసాలయు ప్రాచీన కాలమున సముద్ర వర్తకులు ఎరిగిన స్థలమే. నేడు అక్కడ నిలిచి చూచినయెడల సముద్రము కనబడదు.

నది పడవ చిన్నది. ఇరుప్రక్కల గట్లు, పొలములు, పశువులు కనబడుచుండును. లక్సోరునకును అస్వానునకును మధ్య దూరము 200 కిలోమీటర్లకు పైగా నుండును. సాధారణముగా మూడు నాలుగు రాత్రుల ప్రయాణము. కోమ్ ఓంబో వంటి ఆలయములు గట్టుననే యున్నవి, కావున నడక తక్కువ. అయితే మనవారు ఒక సంగతి తెలిసికొని పోవలెను. ఇశ్రాయేలీయులు కాపురమున్న గోషెను ఉత్తరమున, నది సముద్రములో కలియు ప్రాంతమున నుండెను. ఈ పడవ అక్కడికి పోదు. లక్సోరులో మాత్రము కర్నాకు ఆలయము కలదు. యెరూషలేము మందిరపు ధననిధులను దోచుకొనిపోయిన షీషకు రాజు (1 రాజులు 14:25–26) తాను జయించిన ఊళ్ల పేర్లను ఆ ఆలయపు గోడమీద చెక్కించెను. 1896లో ఆ లక్సోరు ప్రాంతములోనే ఇశ్రాయేలు అను పేరుగల ప్రాచీన శిలాశాసనము దొరకెను.

అస్వానుకు చాలా దక్షిణమున అబూ సింబెలు ఆలయములున్నవి. పెద్ద ఆనకట్ట నీటిలో మునుగకుండ వాటిని 1964 మొదలు 1968 వరకు ముక్కలుగా కోసి, ఎత్తయిన చోట మరల నిలిపిరి. ఇది చెప్పగానే మాస్టారు, “మన నాగార్జునకొండ లాగానే!” అనిరి. నిజమే. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరు ఆనకట్టకు పునాదిరాయి వేసిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. మునిగిపోవు లోయలోని కట్టడములలో కొన్నిటిని కొండమీదికి చేర్చిరి. ఆ కొండయే ఇప్పుడు ద్వీపము. విజయపురి సౌత్ నుండి లాంచీమీద పోయి చూడవచ్చును.

తుదకు నేను చెప్పినదేమనగా: “మాస్టారూ, మీకు మోకాళ్ల నొప్పులు, అమ్మగారికి సముద్రమంటే భయము. మీకు నది మేలు. ఎండలు తగ్గిన తరువాత చలికాలములో వెళ్లండి. ప్రయాణ కాలము దాటినదని పౌలు హెచ్చరించినను వినక బయలుదేరిన ఓడకు ఏమైనదో అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ఉన్నది గదా!” వారు నవ్వి, ప్రార్థన చేయించుకొని వెళ్లిరి. అప్పటికి రాత్రి తొమ్మిది దాటెను.

ప్రియులారా, ఇక్కడితో ముగించినయెడల ఇది యాత్రికులకు సలహా యగును గాని దేవుని వాక్యము కాదు. ఆ సాయంకాలము నేను చెప్పని మాట ఒకటి యున్నది.

మా ఊరికి అవతల, వాగు దాటిన తరువాత ఒక పల్లె కలదు. అక్కడ మనవారివి ఏడెనిమిది ఇండ్లు. ఆ పల్లెలో ఒక వృద్ధ విధవరాలు మంచమెక్కి, “అయ్యగారిని వచ్చి నాకు ప్రభువు భోజనము ఇమ్మనండి” అని రెండుసార్లు కబురు చేసెను. వాగు పొంగి చప్టామీద నీరు పారుచుండెను. అది నిజమే. కాని చుట్టుత్రోవ యున్నది. వంతెన మీదుగా పోయినయెడల పదునైదు కిలోమీటర్లు. వాన, బురద, దూరము అని తలంచి రెండు నెలలు వాయిదా వేసితిని. మాస్టారును ఆ కబురు ఎరుగుదురు. వారు అడుగలేదు, నేను చెప్పలేదు. ఆ రాత్రి మేమిద్దరము వేల కిలోమీటర్ల దూరముననున్న నీళ్లను వేలితో చూపుకొనుచు కూర్చుంటిమి.

నాలుగు దినములైన తరువాత వాగు తగ్గెను. చప్టా దాటి ఆ పల్లెకు పోయితిని. అంతకు రెండు దినముల ముందే ఆమెను సమాధి చేసిరి. పాస్టరు లేనందున ఆ ఊరి సహోదరుడొకడు తనకు వచ్చినంతమట్టుకు ప్రార్థన చేసెను. ఆమె కుమార్తె లోపలికి పోయి ఒక గుడ్డ సంచి తెచ్చి నా చేతిలో పెట్టెను. వంట వండిన ప్రతిసారి ప్రభువు కొరకు తీసిపెట్టిన పిడికెడు బియ్యము. మంచము పట్టిన తరువాత కూడ కుమార్తెచేత తీయించుచునే యుండెను. ఆ సంచి ఐదు కిలోలకు తక్కువ లేదు. “అయ్యగారు వచ్చినప్పుడు ఇవ్వమందండీ” అని ఆ కుమార్తె చెప్పెను. వేరొక మాట అనలేదు. అనినయెడల నాకు కొంత తేలికగా నుండెడిదేమో.

ఈ సంగతిని మూడు వాక్యభాగముల వెలుగులో నాతోకూడ ఆలోచింపుడి.

మొదటిది: నయమాను. కుష్ఠరోగముతో వచ్చిన ఈ సైన్యాధిపతి నదులను ఒకదానితో ఒకటి పోల్చి చూచెను. దమస్కులోని అబానా, ఫర్పరు నదులు మంచివి, యొర్దాను ఏపాటిదని అతని కోపము. నీళ్లను గూర్చి అతడు చెప్పినది అబద్ధము కాకపోవచ్చును. అయితే స్వస్థత నీటి గొప్పలో లేదు, దేవుడు చూపిన నీటిలో దిగుటలో నున్నది. మనమును అట్లే. దూరముననున్నది గొప్పది, దగ్గరనున్నది చులకన. జగ్గయ్యపేటలోని ధనబోడు గుట్టమీద ప్రాచీన బౌద్ధ స్తూపము కలదు. 1882లో బర్జెస్ దొరగారు దానిని త్రవ్వించిరి. చెక్కడపు రాళ్లలో మంచివి ఇప్పుడు మద్రాసు మ్యూజియములో నున్నవి. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని ఇరువదియవ సంవత్సరమున సిద్ధార్థుడను శిల్పి అక్కడ స్తంభములు నిలిపినట్లు శాసనము కలదు. ఒక పనివాని పేరు సుమారు పదునేడు వందల యేండ్లుగా రాతిలో నిలిచినది! మాస్టారు ఆ ఊరి పిల్లలకు చరిత్ర పాఠము చెప్పిరి. నేను ఆ గుట్ట ప్రక్కనుండి ఎన్నిసార్లో పోయితిని. మాలో ఒక్కరమును ఆ గుట్ట ఎక్కలేదు. ఇది చిన్న తప్పు. దగ్గరనున్న రాతిని చూడకపోయినందున రాతికి నష్టము లేదు. దగ్గరనున్న మనిషిని చూడకపోవుట అట్టిది కాదు.

రెండవది: పౌలు. అతడు త్రోయలో ఓడ ఎక్కి, సమొత్రాకే మీదుగా నెయపొలి చేరి, అక్కడనుండి ఫిలిప్పీకి పోయెను. విశ్రాంతిదినమున గవిని దాటి నదీతీరమునకు పోయి, అక్కడ కూడివచ్చిన స్త్రీలతో మాటలాడెను. లూదియ హృదయమును ప్రభువు తెరచినది ఆ నదియొడ్డుననే. సముద్రమా, నదియా అని పౌలు ఎంచుకొనలేదు. రెంటిలోను అతడు ఆపదలు పొందినట్లు 2 కొరింథీయులకు 11:26 సాక్ష్యమిచ్చుచున్నది. అతనికి ముఖ్యము నీరు కాదు, అవతలి ఒడ్డుననున్న మనిషి.

మన సీమ చరిత్రయు ఇట్టిదే. 1841లో నోబుల్, ఫాక్సు దొరగారలు ఓడమీద నెలల తరబడి ప్రయాణము చేసి వచ్చి మచిలీపట్నములో సేవ నారంభించిరి. ఆ మిషను పని తరువాత బెజవాడకు వచ్చెను. మన నందిగామ సీమలోని రాఘవాపురము వాడైన పగోలు వెంకయ్య, నిజమైన దేవుడెవరో చూపుమని వెదకుచు, కృష్ణ స్నానముల పండుగకు బెజవాడ పోయెను. అక్కడ ఒక బ్రాహ్మణుడు అతనికి పాదిరిగారి బంగళా చూపెను. 1859లో డార్లింగు దొరగారు అతనికి బాప్తిస్మమిచ్చిరి. ఆ వెంకయ్య తరువాత ఊరూర తిరిగి సువార్త చెప్పెను. ఒక సువార్త సముద్రము దాటి వచ్చెను, ఒక మనిషి నదియొడ్డునకు నడచి వచ్చెను. వారు కలిసికొన్న చోటునుండి మన సంఘములు పుట్టెను. ఆ దినము పాదిరిగారు “దారి బురదగా ఉన్నది, తరువాత చూతము” అని రాఘవాపురము పోకయుండినయెడల?

మూడవది: యోనా. ఇతడును ఓడ ఎక్కెను, కేవు సొమ్ము తానే చెల్లించెను, ప్రయాణము సక్రమముగానే ఆరంభమాయెను. దోషమేమనగా దేవుడు పొమ్మన్న నీనెవె ఒక దిక్కున, అతడు పోవుచున్న తర్షీషు ఇంకొక దిక్కున. నేను ఓడ ఎక్కలేదు. ఇంటిలో కూర్చుండియే యోనానైతిని. బైబిలు పటము ముందు పరచుకొని కూడ మనుష్యుడు దేవుని యెదుటనుండి పారిపోగలడని ఆ గుడ్డ సంచి నాకు నేర్పెను.

మరుసటి ఆదివారము ఆరాధనలో ఈ సంగతి దాచక చెప్పి సంఘమును క్షమాపణ వేడుకొంటిని. మాస్టారు లేచి, “తప్పు ఇద్దరిదీ” అనిరి. అప్పటినుండి ఆయన నెలకు రెండుసార్లు ఆటో మాట్లాడుకొని వంతెన మీదుగా ఆ పల్లెకు పోయి ప్రార్థన నడిపించుచున్నారు. నేను ప్రతి నెల ప్రభువు భోజనము తీసికొని పోవుచున్నాను. వాగు వచ్చినను పోవుచున్నాను.

చలికాలములో ఆ దంపతులు నైలు ప్రయాణమునకు వెళ్లి క్షేమముగా తిరిగి వచ్చిరి. అమ్మగారు పడవలో భయపడలేదట. “గట్టు కనబడుతుంటే భయమెందుకండీ” అనిరి. మాస్టారు చెప్పినది మాత్రము మీరు జ్ఞాపకముంచుకొనుడి. “అయ్యగారూ, ఆ షీషకు గోడ చూశాను. దోచుకున్న ఊళ్ల పేర్లు ఎంత పెద్ద గోడమీద రాయించాడో! అక్కడ నిలబడితే మన అవ్వ బియ్యం సంచి గుర్తొచ్చింది. ఆవిడ పేరు ఎక్కడా రాయలేదు. కాని దేవుడి దగ్గర ఉంటుంది గదా.”

కాబట్టి ప్రియులారా, యాత్రలు చేయవద్దని నేను చెప్పుట లేదు. దేవుడు కలిమి ఇచ్చినయెడల, పిల్లలు ప్రేమతో పంపినయెడల వెళ్లుడి. నడువగలవారు, అనేక పట్టణములు చూడగోరువారు ఓడ ఎక్కుడి. నిదానముగా చూడగోరువారు, పెద్దవారు పడవ ఎక్కుడి. అప్పు చేసి మాత్రము ఏదియు ఎక్కవద్దు. దూరము పోలేనివారు పిల్లలను తీసికొని నాగార్జునకొండ చూడుడి, ధనబోడు ఎక్కుడి. అయితే టిక్కెట్టు కొనకముందు ఒక్క ప్రశ్న వేసికొనుడి: నేను దాటవలసియుండి దాటని వాగు ఏది? మాటలు లేని అన్నదమ్ముని గుమ్మమా? చూడబోని రోగి మంచమా? తీర్చని కూలి బాకీయా? ముందు అది దాటుడి. ఆ తరువాత ఏ నీటిమీద పోయినను ప్రభువు మీతోకూడ నుండును.

ప్రార్థింతము: ప్రభువా, సముద్రమును నదులను కలుగజేసిన తండ్రీ, దూరముననున్న వాటిని చూడగోరు కన్నులు మాకిచ్చితివి, వందనములు. దగ్గరనున్నవారిని చూచు కన్నులను కూడ దయచేయుము. ఆలస్యము చేసిన మమ్మును క్షమించుము. ఇంకను మా కొరకు కనిపెట్టుచున్నవారి యొద్దకు నేడే మమ్మును నడిపించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.