కొండకు ఎంత దగ్గరలో పడుకోవాలి?

ఆస్ట్రేలియా నడుమ ఎర్రమట్టి ఎడారిలో ఉలూరు అనే ఒంటి కొండ ఉంది. ఎత్తు 348 మీటర్లు. దగ్గరి పెద్ద ఊరు ఆలిస్ స్ప్రింగ్స్, రోడ్డు మీద పోతే సుమారు 450 కిలోమీటర్లు. అంత దూరం పోయినవాళ్లకు కొండ కిందే పడుకోవాలనిపించడం సహజమే. ఒకప్పుడు అక్కడే మోటళ్లు ఉండేవి. తర్వాత వాటిని మూసేసి, పార్కు బయట యులారా అనే ఊరు కట్టారు. పార్కులో గుడారం వేయడానికి కూడా వీల్లేదు.

"డబ్బిచ్చే పోతాం కదా, నచ్చినచోట ఎందుకుండకూడదు?" అని మా తరగతిలో కొందరన్నారు. నాకు అది సరి అనిపించలేదు. ఆ కొండ అనంగు ప్రజలకు పవిత్రం. 1985లో ప్రభుత్వం ఆ నేలను తిరిగి వాళ్ల పేరనే రాసిచ్చింది. మన ఇంటికి ఎంత దూరపు చుట్టమొచ్చినా, దేవుడి గూటి ముందు పక్క పరుచుకుంటానంటే అమ్మ ఊరుకుంటుందా? వసారాలో చాప వేస్తుంది, అన్నం మాత్రం కడుపునిండా పెడుతుంది.

అలాగని యులారాలో ఉంటే చాలు, అంతా ధర్మమే అనడం కుదరదు. ఎడారిలో నీళ్లు నేల అడుగునుంచే తోడాలి. హోటల్లో మనం చేసే ప్రతి స్నానమూ ఆ నేలదే. అందుకే నాకు అక్కడి గుడారాల చోటు మేలనిపిస్తుంది, బకెట్టు నీళ్లతో సర్దుకోవచ్చు. కొండ అక్కడికి 20 కిలోమీటర్లే. పొద్దుపొడవక ముందే గేటు తీస్తారట.