కాచుకొనేది ఎవరు?

‘సెల్‌ఫోను వరమా, శాపమా?’ అనే విషయం మీద బడుల్లో వ్యాసరచన పోటీ జరగని ఏడు ఉండదేమో. లాభాలు కొన్ని, నష్టాలు కొన్ని రాసి, చివరికి ‘మితంగా వాడితే మంచిది’ అని ముగిస్తాము. మార్కులు కూడా వస్తాయి. అయితే మితం అంటే ఎంత? రోజుకు ఒక గంటా, రెండు గంటలా? బెంగళూరులో పనిచేసే కొడుకుతో ఒక తల్లి గంటసేపు మాట్లాడితే అది ఎక్కువ అనలేము. తల్లి సంగటి పెట్టి పిలుస్తా ఉంటే కొడుకు ఐదు నిమిషాలు రీల్స్ చూస్తే, ఐదు నిమిషాలే కదా అని సరిపెట్టుకోలేము. కాబట్టి గడియారాన్ని పక్కన పెట్టి వేరే ప్రశ్న అడుగుదాము. మనము ఫోను చేతికి తీసుకొన్నప్పుడు మన కోసం కాచుకొని ఉండేది ఎవరు?

ముందుగా ఫోనుకు ఇవ్వవలసిన మర్యాద ఇద్దాము. మన వేప్పనపల్లికి కర్ణాటకా దగ్గరే, ఆంధ్రా దగ్గరే. ఒక బిడ్డను కుప్పం పక్క ఇచ్చి ఉంటారు, ఇంకొక బిడ్డను కోలారు పక్క. మగవాళ్లు పనికి హోసూరుకో, బెంగళూరుకో పోతారు. ఇట్లాంటి ఊళ్లలో చుట్టరికం నిలవాలంటే మాట అందాలి. ఒకప్పుడు ఆ పని ఉత్తరం చేసింది. తొందర సంగతి అయితే తంతి వచ్చేది. తంతి వచ్చిందంటే చదవకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేదని పెద్దలు చెప్తారు. ఆ తంతి సేవ 2013 జూలైలో మన దేశంలో ఆగిపోయింది.

మన దేశంలో మొదటి సెల్‌ఫోను మాట 1995 జూలై 31న జరిగింది. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడినారు. అప్పట్లో చేసిన కాల్‌కే కాదు, వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాలి. 2003లో వచ్చే కాల్స్‌కు ఖర్చు పోయింది. 2016 తరువాత ఇంటర్నెట్ కూడా చౌక అయింది. ఇరవై ఏండ్లలోనే మంత్రుల చేతిలోని వస్తువు మేకలు తోలుకొనిపోయే తాత జేబులోకి వచ్చింది. ఇది చిన్న సంగతి కాదు.

ఫోను ప్రాణం కూడా కాపాడుతుంది. హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ 2008లో తమిళనాడుకు వచ్చింది. నడిరాత్రి కాన్పు నొప్పులు వస్తే ఇప్పుడు బండి కట్టే పని లేదు, మూడు అంకెలు నొక్కితే చాలు. చలికాలంలో రాగులు కోతకు వచ్చే వేళకు బన్నేరుఘట్ట అడవుల నుంచి ఏనుగుల గుంపులు హోసూరు, కృష్ణగిరి పక్కకు దిగుతాయి. కోయంబత్తూరు జిల్లా వాల్పారైలో నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ వాళ్లు ఏనుగులు ఎక్కడ ఉన్నదీ సెల్‌ఫోను సందేశాలతో, ఎర్ర దీపాలతో జనానికి ముందే తెలిపే ఏర్పాటు చేసినారు. చేనికి కాపలా పోయే రైతును ‘ఫోను ఆపేసి ప్రశాంతంగా ఉండు’ అనడం తెలివి తక్కువ మాట.

మరి తప్పు ఎక్కడ వచ్చింది? కాచుకొనేవాళ్లు మారిపోయినారు. ఉత్తరాల కాలంలో దూరాన ఉన్నవాళ్లు కాచుకొన్నారు. వారమో పది దినాలో పోస్టుమాను కోసం చూసినారు. దగ్గర ఉన్నవాళ్లకు మాత్రం మన మొగం, మన చెవి వెంటనే దొరికేవి. ఈ దినం దూరాన ఉన్నవాళ్లకు క్షణంలో జవాబు పోతుంది. పక్కన కూర్చున్నవాళ్లే ‘ఒక్క నిమిషం’ అనే మాట విని ఊరికే ఉంటారు. అంగట్లో చిల్లర కోసం నిలబడిన ముసలామె కాచుకొంటుంది. బడిలో జరిగింది చెప్పాలని వచ్చిన చిన్నబిడ్డ కాచుకొంటుంది. దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు ఊరికే అనలేదు. తెరలో కనబడే కొండ ఇంకా నునుపు.

ఇంకొకటి గమనించండి. మనము అందరినీ ఇట్ల కాచుకోబెట్టము. హెడ్మాస్టరుగారు మాట్లాడుతూ ఉంటే ఫోను తీయము. బ్యాంకు మేనేజరు ముందర కూర్చొని రీల్స్ చూడము. అంటే ఫోనును పక్కన పెట్టడం మనకు చేతకాక కాదు. ఎవరు కోపగించుకొంటారో వాళ్ల దగ్గర పెడతాము, ఎవరు ఓర్చుకొంటారో వాళ్ల దగ్గర తీస్తాము. అమ్మ, అవ్వ, చెల్లెలు, వీళ్లు ఓర్చుకొంటారు. మనలను ఎక్కువగా ప్రేమించేవాళ్లకే మన శ్రద్ధ తక్కువగా దొరకడం న్యాయమా? అందుకే దీన్ని ఆరోగ్యం సంగతి, చదువు సంగతి అని మాత్రమే అనుకోకూడదు. ఇది న్యాయం సంగతి.

దీనికి కొందరు ఎదురు చెప్తారు. ‘ముందర కూడా నాయన పేపరు చదువుతూ అమ్మ మాట వినేవాడు కాదు, టీవీ వచ్చినప్పుడూ ఇదే గోల’ అని. నిజమే. కాని పేపరు చివరి పేజీకి వచ్చి ముగుస్తుంది. టీవీని ఇంటిల్లిపాదీ ఒక్కచోట కూర్చొని చూసేవాళ్లు, ఒకే చోట నవ్వేవాళ్లు. చేతిలోని తెరకు చివరి పేజీ లేదు. ఒక వీడియో ముగిసేలోపల ఇంకొకటి దానంతట అదే వస్తుంది. మనము ఎంతసేపు చూస్తే వాళ్లకు అంత ప్రకటనల డబ్బు. ముగింపు లేకుండా దాన్ని తయారు చేసింది అందుకే. కాబట్టి ముగింపు మనమే పెట్టుకోవాలి.

ఇంకొక ఎదురుమాట ఇంకా బలమైనది. పని ఇచ్చినవాళ్లు రాత్రి తొమ్మిదింటికి మెసేజ్ పెడితే కూలి చేసేవాడు చూడనని అనగలడా? అనలేడు. ఇక్కడ తప్పు ఆ మనిషిది కాదు. ఫ్రాన్సు దేశంలో 2017 జనవరి 1 నుంచి ఒక చట్టం వచ్చింది. 50 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లో, పనివేళలు దాటినాక ఉద్యోగులను ఫోనుకు, మెయిలుకు కట్టివేయకుండా ఉండే పద్ధతి గురించి యాజమాన్యం వాళ్లతో మాట్లాడాలి. ఒక్కొక్కరి మనసు గట్టిది అయితే చాలదు, కట్టుబాటు కూడా కావాలి అని దీన్ని బట్టి తెలుస్తుంది.

తెలుగు మాధ్యమంలో చదివే మనకు ఈ ప్రశ్నలో ఇంకొక బరువు ఉంది. 2006 చట్టంతో తమిళం బడుల్లో తప్పనిసరి పాఠం అయింది. మనము ఉండే రాష్ట్రం భాష నేర్చుకోవడం మంచిదే, బతకడానికి అవసరం కూడా. అయితే మన తెలుగు ఎక్కువగా బతికేది ఇంట్లో, అవ్వ నోట్లో. ఫోనులో హైదరాబాదు తెలుగు దొరుకుతుంది, సినిమా తెలుగు దొరుకుతుంది. ఈ మొరసునాడు తెలుగు, ఇక్కడి చేని మాటలు, నాట్లప్పటి పాటలు, పొడుపు కథలు అక్కడ అంతగా దొరకవు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు అన్నట్టు మనకు అవి లోకువ. ఫోనులోని వీడియో రేపు కూడా అక్కడే ఉంటుంది. అవ్వ అట్ల కాదు. ఆమె ఎంతకాలం కాచుకొని ఉంటుంది? అదే ఫోనును ఆమె ముందర పెట్టి పాటను రికార్డు చేస్తే అది ఎంత మంచి పనిముట్టు! కాని అంతకు ముందు ‘పాడవ్వా’ అని అడిగి, వినడానికి కూర్చోవాలి కదా.

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడగావ్ అనే పల్లె ఉంది. 2022లో ఆ ఊరివాళ్లు ఒక కట్టుబాటు చేసుకొన్నారు. రాత్రి 7 గంటలకు సైరన్ మోగుతుంది. అందరూ ఫోన్లు, టీవీలు పక్కన పెడతారు. 8.30కి మళ్లీ మోగుతుంది. ఆ గంటన్నరలో పిల్లలు చదువుకొంటారు, పెద్దలు మాట్లాడుకొంటారు. ఒక్కడే ఫోను పక్కన పెడితే ఏదో పోగొట్టుకొన్నట్టు ఉంటుంది. ఊరంతా పెడితే ఎవరికీ లోటు లేదు.

మన ఊరికి సైరన్ రావాలని కాచుకోనక్కరలేదు. ఏనుగుల కబురు కోసం, జబ్బుమనిషి కోసం ఒక ఫోను మోగేటట్టు ఉంచి, తక్కినవి కూటి వేళ గూట్లో పెట్టవచ్చు. ఈ మాట పిల్లలకు ఎంత వర్తిస్తుందో పెద్దలకూ అంతే వర్తిస్తుంది. ఫోను మోగినప్పుడల్లా తీయాలా వద్దా అని లెక్కలు వేసే పని లేదు. తల ఎత్తి ఒకసారి చుట్టూ చూస్తే చాలు. కాచుకొని ఉండే మనిషి కనబడితే, ఏది ముందో మనకే తెలుస్తుంది.