నిష్పక్షపాతంగా ఉండగలరా?

కాలిఫోర్నియాలో ఉన్నప్పుడు ఒకసారి జ్యూరీ డ్యూటీకి రమ్మని నా పేరు మీద సమన్లు వచ్చాయి. అక్కడ జ్యూరీ జాబితాలకి డ్రైవింగ్ లైసెన్సుల వివరాలు కూడా వాడతారు కాబట్టి, వీసా మీదున్న నాలాంటివాళ్లకీ అప్పుడప్పుడూ వస్తుంటాయి. 'పౌరుణ్ణి కాను' అన్న గడిలో టిక్కు పెట్టి తిప్పి పంపేశాను. కానీ నిజంగా వెళ్లాల్సి వచ్చి, అదీ పసిపిల్లల మీద లైంగిక వేధింపుల కేసయితే నేనేం చేసేవాణ్ణి అన్న ఆలోచన మాత్రం వదల్లేదు. అప్పటికి మా పాపకి మూడేళ్లు.

ఇలాంటి కేసుల్లో జ్యూరీని ఎంచుకునే ముందు, మీకు పిల్లలున్నారా, మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది జరిగిందా అని అడుగుతారు. అవన్నీ పక్కనపెట్టి నిష్పక్షపాతంగా ఉండగలరా అనీ అడుగుతారు. ప్రోగ్రామ్‌నే పిలిచి 'నీలో బగ్స్ ఏమైనా ఉన్నాయా?' అని అడగడం లాంటిదే ఇది. నేనైతే 'ఉండగలను' అనే చెప్పేవాణ్ణి. అబద్ధమని తెలియకుండానే.

మెక్‌మార్టిన్ ప్రీస్కూల్ కేసు గురించి ఆ రోజుల్లోనే చదివాను. ఊరు మాన్‌హాటన్ బీచ్, లాస్ ఏంజెలస్ పక్కనే. 1983లో ఒక తల్లి ఫిర్యాదుతో మొదలైంది. మీ పిల్లల్ని అడిగి చూడండి అంటూ పోలీసులు సుమారు 200 కుటుంబాలకి ఉత్తరాలు పంపారు. అనుమానితుడు రే బకీ పేరు కూడా అందులోనే రాసేశారు! తర్వాత పిల్లల్ని కూర్చోబెట్టి, తోలుబొమ్మలు చేతికిచ్చి, కావలసిన జవాబు వచ్చేదాకా అడిగారు. బడి కింద సొరంగాలున్నాయని కూడా పిల్లలు చెప్పారు. 1987లో మొదలైన విచారణ 1990 జనవరిలో ముగిసింది. తల్లీకొడుకుల మీదున్న ఆరోపణల్లో 52 వీగిపోయాయి. కొడుకు మీద మిగిలిన 13 జ్యూరీ తేల్చలేకపోయింది. రెండోసారి విచారించినా తేలలేదు, కేసు ఎత్తేశారు. అప్పటికే అతను దాదాపు ఐదేళ్లు జైల్లో గడిపాడు.

నన్ను ఆపేసింది తీర్పు కాదు, ఆ తర్వాత జ్యూరీ సభ్యులు పలువురు విలేకరులతో అన్న మాట. పిల్లలకి ఏదో జరిగిందనే నమ్ముతున్నాం, కానీ ఎవరు చేశారో రుజువు కాలేదు అన్నారు. ఆ రెండిటినీ ఒకే మనసులో పెట్టుకుని ఇంటికెళ్లి నిద్రపోవడం ఎలా సాధ్యం?

నమూనా జ్యూరీలతో చేసిన ఒక ప్రయోగంలో, మామూలుగా మాట్లాడిన పాపనీ, వెక్కి వెక్కి ఏడ్చిన పాపనీ కాకుండా, కొంచెం కన్నీళ్లు పెట్టుకున్న పాపనే ఎక్కువ నమ్మారట. అంటే, బాధకి కూడా సరైన కొలత ఒకటి మన దగ్గర ముందే ఉంటుందన్నమాట.

మన దేశంలో ఇప్పుడు జ్యూరీలు లేవు, పోక్సో కేసుల్లో తీర్పు జడ్జిదే. కానీ హైదరాబాద్ తిరిగొచ్చాక మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నేనూ జ్యూరీలో కూర్చున్నాను. స్కూల్ వ్యాన్ డ్రైవర్ మీద ఎవరో అనుమానం రాశారు. అరగంటలో అతన్ని మాన్పించాం. నేనూ బొటనవేలు గుర్తు పెట్టాను. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

దానికి పదిహేనేళ్ల ముందు, మా ఊళ్లో, మా పిన్ని కూతురు ట్యూషన్ మాస్టారి గురించి చెప్పింది. అన్నం తింటూ, మామూలు గొంతుతో చెప్పింది. ఏడవలేదు. "ఆయన అలాంటివాడు కాదే" అంది అమ్మ. నాకు లెక్కలు చెప్పి ఇంజనీరింగ్ సీటు వచ్చేలా చేసింది ఆయనే. దాన్ని కూడా ఎవరూ ఏమీ అడగలేదు. ట్యూషన్ మాత్రం మాన్పించారు, చదువు మీద శ్రద్ధ లేదని పేరు పెట్టి.

డ్రైవర్ విషయంలో నేను పిల్లల పక్షం అనుకున్నాను. ఆ లెక్కన మా చెల్లెలి విషయంలో ఎవరి పక్షం? పిల్లల్ని నమ్మాలా వద్దా అన్నది రెండుచోట్లా నాకు ప్రశ్నే కాలేదనుకుంటా. ఒకచోట ఖాకీ చొక్కా, ఇంకోచోట ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. అంతే తేడా.

మొన్న ఊళ్లో ఒక పెళ్లిలో మాస్టారు కనిపించారు. ఆయన రావడం చూసి మా చెల్లెలు పిల్లాణ్ణి ఎత్తుకుని వెనక వరసలోకి వెళ్లిపోయింది. అది గమనించాను కూడా. ఈలోగా ఆయన దగ్గరికొచ్చేశారు. లేచి నిలబడి నమస్కారం పెట్టాను.