ముసలితనపు ఆయాసం దైవచిత్తమా?

(ధ్యానాంశాలు: ఆదికాండము 2:7; సీరా 3:12-16; సీరా 38:1-15; యెషయా 42:3)



"బాపుకు వయసైంది ఫాదర్‌గారూ! దమ్ము రాక ఏమైతది?" అనే మాట మన డోర్నకల్ ప్రాంతపు ఇండ్లలో తరచుగా వినబడుతుంది. వాకిట్లో మంచం మీద కూర్చుని, ముందుకు వంగి, రెండు చేతులు మోకాళ్ళకు ఆనించి ఊపిరికోసం పెనుగులాడే తండ్రిని గురించి కన్నకొడుకు చెప్పే మాట అది. ఆ మాటలో నిర్దయ లేదు. దేవుడు ఇచ్చినదానికి తలవంచే వినయమే ఉంది. అయినా ఆ మాట నిజమేనా అని ఈ వారం మనం విచారించుకోవాలి. ఎందుకంటే నిజం కానిదానిని దైవచిత్తమని పిలవడం భక్తి కాదు.

తరచుగా జరిగేది వేరు, సహజమైనది వేరు అని తత్వశాస్త్రం చెబుతుంది. ఊరంతా మలేరియాతో మూలిగినంత మాత్రాన జ్వరం మనిషి స్వభావం అయిపోతుందా? వయస్సుతోపాటు ఊపిరితిత్తుల సత్తువ కొంత తగ్గడం సహజమే. కాని స్నానం చేసి తల తుడుచుకునేలోగా ఎగపోయడం, రైల్వే స్టేషనులో వంతెన మెట్లు సగం ఎక్కి కూలబడడం, ఏటా నెలల తరబడి తెమడతో దగ్గడం ముసలితనం కాదు. అది జబ్బు. అలాంటి జబ్బులలో పెద్దవారిని ఎక్కువగా పీడించేదానిని వైద్యులు సి.ఓ.పి.డి. అంటారు. గాలిగొట్టాలు వాచి ఇరుకవుతాయి. వాటి చివర ఉండే గాలితిత్తులు చెడిపోతాయి. పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాక లోపలే చిక్కుకుంటుంది. పాతగాలి నిండిన చోట కొత్తగాలికి తావెక్కడిది? అందుకే ఆ పెనుగులాట.

2018లో లాన్సెట్ వైద్యపత్రికల కుటుంబానికి చెందిన ఒక పత్రికలో వెలువడిన పరిశోధన ప్రకారం, మన దేశంలో ఈ జబ్బు ఉన్నవారు 1990లో సుమారు 2 కోట్ల 81 లక్షలమంది. 2016 నాటికి ఆ సంఖ్య 5 కోట్ల 53 లక్షలకు పెరిగింది. వృద్ధుల సంఖ్య పెరగడం అందుకు ఒక కారణం. మిగతా కారణాలు మన కళ్ళ ఎదుటే ఉన్నాయి. మన అడవులలో ప్రతి ఎండాకాలం తునికాకు కోస్తాం. ఆ ఆకు బీడీ అయి మన నోటికే తిరిగివస్తుంది. బీడీ ముట్టని మన తల్లులకు ఈ జబ్బు ఎందుకు వచ్చిందని అడిగితే, నలభై ఏండ్లు కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకున్న చేతులు సమాధానం చెబుతాయి. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైన నాటినుండి మన చుట్టుపక్కల కుటుంబాలు ఎన్నో గనిని నమ్ముకుని బ్రతికాయి. బొగ్గుదుమ్ము కూడా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పత్తి నూగు, మిర్చి కల్లాల ఘాటు ఉన్న దగ్గును మరింత రేపుతాయి.

ఆదికాండంలో దేవుడు మట్టితో మనిషిని మలచి, అతని ముక్కులలో తన ఊపిరి ఊదాడు. అప్పుడే అతడు ప్రాణి అయ్యాడు. పునరుత్థానమైన ప్రభువు శిష్యులమీద ఊపిరి ఊది పవిత్రాత్మను ఇచ్చాడని యోహాను సువార్త 20వ అధ్యాయం చెబుతుంది. ఊపిరి అంటే మన విశ్వాసంలో అంత పవిత్రమైనది. దేవుడు ఊదిన ఊపిరిని పొగతో, దుమ్ముతో, నిర్లక్ష్యంతో మూసివేసి, ఆ నేరం దేవునిమీదనే మోపడం న్యాయమా?

మరి ఏమి చేయాలి? యాభై ఏండ్లుగా వైద్యులు వేలాది రోగులను ఏండ్ల తరబడి గమనించి కొన్ని సంగతులు తేల్చారు. వాటిలో చాలావరకు మన ఇంట్లో మనం చేయగలిగినవే.

మొదటిది, పొగ మానడం. అమెరికా, కెనడాలలో 5,887 మంది పొగత్రాగేవారిని ఐదేండ్లు పరిశీలించిన పరిశోధన 1994లో వెలువడింది. మానినవారిలో ఊపిరితిత్తుల క్షీణత ఎంతో నెమ్మదించింది. మాననివారిలో అది వేగంగా సాగిపోయింది. పోయిన సత్తువ తిరిగి రాదు, కాని మిగిలినది నిలుస్తుంది. కనుక "ఇన్నేండ్లు తాగినాక ఇప్పుడు మాని ఏం లాభం?" అనే మాట చెల్లదు. పశ్చాత్తాపానికి ఆలస్యమైన వయస్సు లేనట్లే, బీడీ మానడానికీ లేదు. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, ఇంటింటికీ గ్యాసు చేరింది. అయినా చాలా ఇండ్లలో నీళ్ళు కాగేది కట్టెల పొయ్యి మీదనే. ఆ పొయ్యినైనా పెద్దవారు పడుకునే చోటికి దూరంగా, ఆరుబయట పెట్టండి.

రెండవది, పీల్చే మందు. ఇన్‌హేలర్ అంటే చివరి మందు అనీ, ఒకసారి పట్టుకుంటే వదలదనీ మనవారికి భయం. నిజానికి మాత్రకంటే తక్కువ మోతాదులో, కావలసిన చోటికే చేరే మందు అది. దానిని వాడే పద్ధతి తెలియక గొంతులోనే పోగొట్టుకునేవారు చాలామంది. ముసలిచేతులు వణుకుతాయి, నొక్కడం పీల్చడం ఒక్కసారి కుదరదు. స్పేసరు అనే గొట్టం తగిలించి, మనవడో మనవరాలో దగ్గర కూర్చుని వాడించాలి. స్టెరాయిడ్ కలిసిన మందు అయితే పీల్చిన తరువాత నోరు పుక్కిలించాలి. దమ్ము ఎక్కువైన ప్రతిసారీ ఊరి వైద్యుని సూది, పాత చీటీమీద స్టెరాయిడ్ మాత్రలు వారాల తరబడి మింగించడం మాత్రం ప్రమాదం. జబ్బు ఉధృతమైన 314 మంది రోగులమీద స్విట్జర్లాండులో జరిగిన పరిశోధన 2013లో వెలువడింది. ఆ మాత్రలు 5 రోజులు వాడినా 14 రోజులు వాడినంత ఫలితమే ఉందని అందులో తేలింది. ఎక్కువ కాలం వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగరు పెరుగుతుంది. అయితే ఎన్నాళ్ళు వాడాలో, ఎలా ఆపాలో చెప్పవలసినది వైద్యుడే.

మూడవది, నడక. ఆయాసం వస్తుందని కదలకుండా కూర్చోబెట్టడం ప్రేమ అనుకుంటాం. కదలనికొద్దీ కాళ్ళ కండలు కరిగి, నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. 2015లో 65 పరిశోధనలను, 3,822 మంది రోగులను కలిపి చూసినప్పుడు, క్రమంగా నేర్పిన వ్యాయామంవలన ఆయాసం, అలసట తగ్గి, నడవగల దూరం పెరిగిందని తేలింది. వైద్యుడు సరేనన్న తరువాత, సాయంత్రం తాతగారి చెయ్యి పట్టుకుని జపమాలలో ఒక పది ప్రార్థనలు చెప్పుకుంటూ నడవండి, మరో పది కూర్చుని చెప్పండి. పెదవులు సున్నాలా ముడిచి, ఎదుట ఉన్న కొవ్వొత్తి మంట వంగాలే గాని ఆరకూడదన్నట్లు మెల్లగా ఊపిరి వదలడం నేర్పండి. లోపల చిక్కుకున్న గాలి బయటికి రావడానికి అది సాయపడుతుంది.

నాలుగవది, ఆక్సిజను. రక్తంలో ప్రాణవాయువు బాగా తగ్గిపోయిన 87 మంది రోగులను బ్రిటనులో ఐదేండ్ల వరకు పరిశీలించారు. 1981లో ఆ ఫలితాలు వచ్చాయి. ఇంటివద్ద రోజుకు 15 గంటలు ఆక్సిజను తీసుకున్న 42 మందిలో 19 మంది మరణించగా, తీసుకోని 45 మందిలో 30 మంది మరణించారు. తేడా మీరే చూడండి. కాని 2016లో అమెరికాలో 738 మందిమీద జరిగిన పరిశోధనలో, ప్రాణవాయువు కొద్దిగానే తగ్గినవారికి దానివలన ఆయుష్షు పెరగలేదని తేలింది. కనుక ఆక్సిజను ఎవరికి కావాలో, ఎంత కావాలో వైద్యుడు కొలిచి చెప్పాలి. మన ఇష్టం వచ్చినట్లు పెంచితే కొందరికి హాని కూడా. ఆక్సిజను పెట్టిన గదిలో బీడీ వెలిగించకూడదు. పటం ముందు కొవ్వొత్తి కూడా వెలిగించకూడదు. మరియమాతకు దండ వేయండి, ఆమె సంతోషిస్తుంది.

ఒక హెచ్చరిక. ఆయాసం అంతా ఒకటే జబ్బు కాదు. గుండెజబ్బు, ఆస్తమా, రక్తహీనత, క్షయ కూడా ఆయాసం తెస్తాయి. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు తెమడ పరీక్ష చేయించాలి. యంత్రంలోకి గట్టిగా ఊదించే ఊపిరి పరీక్ష చేస్తేగాని సి.ఓ.పి.డి. అని నిర్ధారణ కాదు. పరిశోధనలలో చేర్చుకునే రోగులకు తరచుగా ఒకటే జబ్బు ఉంటుంది. మన ఇంటి పెద్దవారికి షుగరు, బి.పి., గుండె, మోకాళ్ళు అన్నీ ఉంటాయి. అందుకే వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళి చూపించండి. మహబూబాబాద్‌లో 2022 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. వరంగల్‌లో ఎం.జి.ఎం. ఆసుపత్రి ఉంది. మొక్కుకున్న పుణ్యక్షేత్రానికి రైలెక్కించి తీసుకుపోయే మనం, ఊపిరి పరీక్షకు తీసుకుపోలేమా?

ఇక్కడ శ్రీసభ బోధ ఒకటి గుర్తుచేసుకుందాం. 1957 నవంబరు 24న పన్నెండవ పియూస్ పాపుగారు వైద్యులను ఉద్దేశించి మాట్లాడుతూ, ప్రాణాన్ని కాపాడుకోవడానికి సాధారణమైన మార్గాలను వాడడం మన విధి అనీ, మోయలేని భారమయ్యే అసాధారణ మార్గాలకు మనం కట్టుబడి లేమనీ వివరించారు. మన ఇండ్లలో ఇది తలక్రిందులవుతుంది. ఏండ్ల తరబడి సాధారణమైనదేదీ చేయం. చివరి రాత్రి అప్పుచేసి, కారు కట్టించుకుని, పట్నంలో వెంటిలేటరుమీద పెట్టిస్తాం. వెంటిలేటరు వల్ల మేలు జరిగే సందర్భాలు లేకపోలేదు. కాని పొగలేని వంటిల్లు, సరిగా పీల్చిన మందు, చెయ్యిపట్టి నడిపించడం సాధారణ మార్గాలు కావా? సాధారణమైతే అవి మన విధి. చివరి దశలో ఏమి కావాలో, ఏమి వద్దో పెద్దవారు మాట్లాడగలిగినప్పుడే వారిని మెల్లగా అడిగి తెలుసుకోవడం కూడా ఆ విధిలో భాగమే. తండ్రి ముసలివాడైనప్పుడు ఆదుకొమ్మనీ, వైద్యుని గౌరవించమనీ, మందులను నేలనుండి పుట్టించినది దేవుడేననీ సీరా జ్ఞానగ్రంథం బోధిస్తుంది. నాలుగవ దైవాజ్ఞ పండుగనాడు కాళ్ళకు మ్రొక్కడంతో తీరిపోయేది కాదు.

కొందరు పెద్దలు ముక్కుకు గొట్టంతో నలుగురిలోకి రావడం నామోషీ అనుకుంటారు. జగద్గురువులు ఫ్రాన్సిస్ పాపుగారిని తలచుకోండి. యువకుడుగా ఉన్నప్పుడు 1957లో ఆయన ఊపిరితిత్తిలో కొంత భాగం తీసివేశారు. 2025 ఫిబ్రవరి 14న ఆసుపత్రిలో చేరి, రెండు ఊపిరితిత్తులకు నిమోనియా సోకగా మార్చి 23 వరకు అక్కడే ఉన్నారు. ఏప్రిల్ 6న, రోగుల జూబిలీ పూజ ముగింపులో, చక్రాల కుర్చీలో, ముక్కుకు ఆక్సిజను గొట్టంతోనే పునీత పేతురుగారి బసిలికా ముందు జనం మధ్యకు వచ్చారు. అదే నెల 21న ప్రభువు సన్నిధికి చేరారు. పాపుగారికి లేని సిగ్గు మనకెందుకు?

గుడి విషయంలో కూడా కొన్ని అపోహలు తొలగించుకోవాలి. దివ్యసత్ప్రసాదానికి ముందు ఒక గంట ఉపవాసం ఉండాలన్న నియమాన్ని మందు భంగం చేయదు. వృద్ధులకు, రోగులకు, వారిని చూసుకునేవారికి ఆ గంట నియమం కూడా లేదు. కనుక పూజకు వచ్చేముందు ఇన్‌హేలర్ మానకండి. తపస్సుకాలపు ఉపవాస నియమం 59 ఏండ్లు నిండినవారికి వర్తించదు. ధూపం వేసే పండుగలలో దమ్ము ఉన్నవారు తలుపు దగ్గర కూర్చోవాలి. ఆ చోటు వారికి విడిచిపెట్టండి. మోకరించలేనివారు కూర్చునే ప్రార్థించవచ్చు. గుడికి రాలేనివారి పేరు ఉపదేశిగారికి చెప్పండి, సత్ప్రసాదం ఇంటికే వస్తుంది. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం చావుకు ముద్ర కాదు. జబ్బు ముదిరినప్పుడల్లా పొందదగిన బలం అది.

నవంబరు 2న మనం సమాధులకు సున్నం వేస్తాం, పూలు పరుస్తాం, కొవ్వొత్తులు వెలిగిస్తాం. అదే నెల మూడవ బుధవారం ప్రపంచ సి.ఓ.పి.డి. దినం. రెండూ ఒకే నెలలో రావడం మనకొక పాఠం కావాలి. సమాధిమీద వెలిగించే కొవ్వొత్తికి ముందు, ఇంట్లో ఇంకా వెలుగుతున్న దీపం సంగతి చూడండి. దేవుని సేవకుడు పొగరాజుకుంటున్న వత్తిని ఆర్పివేయడని యెషయా ప్రవక్త చెప్పాడు. ఆ సేవకుని బిడ్డలమైన మనం, వయసైందన్న ఒక్క మాటతో ఆ వత్తిని ఆర్పివేయవచ్చునా?

ఈ ఆదివారం పూజ తరువాత ఇంటికి వెళ్ళి మీ పెద్దవారి ప్రక్కన పది నిమిషాలు కూర్చోండి. వారి ఊపిరి వినండి. ఎప్పటినుండి ఇలా ఉందని అడగండి. ఆసుపత్రికి ఏ రోజు వెళ్ళాలో అక్కడే నిర్ణయించండి.

మన ముక్కులలో జీవపు ఊపిరి ఊదిన తండ్రి, శిష్యులమీద ఊపిరి ఊదిన కుమారుడు, ఊపిరియైన పవిత్రాత్మ మీ ఇంటి పెద్దలను, వారిని ఆదుకునే మీ చేతులను దీవించునుగాక. ఆమెన్.