ఒకే గాటన కట్టడం న్యాయమా?

మాది హోసూరు. మా ఇంట్లో పనికి పోయేవాళ్ళు ఇద్దరు. అమ్మ సిప్‌కాట్‌లోని ఒక ఫ్యాక్టరీలో రోజంతా మెషీన్ దగ్గర నిలబడి పని చేస్తుంది. అక్కకు బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం. వారంలో మూడు రోజులు అత్తిబెలె మీదుగా బస్సులో ఆఫీసుకు పోతుంది, రెండు రోజులు ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటుంది.

పోయిన నెల అవ్వ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. అక్క మేనేజర్‌కు ఒక్క మెసేజ్ పెట్టింది. పదిహేను రోజులు ఇంటి నుంచే పని చేయమన్నారు. కానీ పొద్దున పూట ఆమెకు మీటింగులు. అవ్వకు స్నానం చేయించాలి, మందులివ్వాలి. అందుకని అమ్మ రెండు వారాలు రెండో షిఫ్ట్ ఇవ్వమని అడిగింది. షిఫ్ట్ మార్చుకోవడానికి తోటి ఆమె ఒప్పుకుంది కూడా. అయినా "నీకిస్తే అందరూ అడుగుతారు, రూలు అందరికీ ఒకటే" అన్నారట.

అందరికీ ఒకటే రూలు అంటే వినడానికి న్యాయంగానే ఉంది. మరి నాకెందుకు బాధ కలిగింది?

మొదట అక్క మీదే కోపం వచ్చింది. తర్వాత ఆలోచించాను. అక్కను రోజూ ఆఫీసుకు రమ్మంటే అమ్మకు ఒరిగేదేముంది? 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు కంప్యూటర్ పని ఇళ్ళకు వచ్చింది. నర్సుల పని, వీధులు ఊడ్చేవాళ్ళ పని రాలేదు. పనుల్లో ఈ తేడా ఉంటుంది. కానీ వెసులుబాటు అంటే ఇంట్లో కూర్చోవడం ఒక్కటేనా?

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం గురించి టీచర్ చెప్పారు. సెలవు అయిపోయాక, పని అలాంటిదైతే, యజమానితో మాట్లాడుకుని తల్లి ఇంటి నుంచి పని చేయవచ్చని ఆ చట్టం చెప్పింది. అదే చట్టం 50 మంది, అంతకన్నా ఎక్కువ పని చేసే చోట పిల్లలను చూసుకునే కేంద్రం ఉండాలంది. తల్లి రోజుకు 4 సార్లు పోయి బిడ్డను చూడవచ్చంది. అంటే ఇంట్లో ఉండలేని తల్లికి బిడ్డను దగ్గరగా ఉంచింది. ఇద్దరికీ ఇచ్చింది ఒకటి కాదు, కానీ ఇద్దరినీ పట్టించుకుంది. న్యాయమంటే ఇదే అని నాకు అనిపించింది.

అడిగిన వాళ్ళందరికీ ఇస్తే మెషీన్లు ఎవరు నడుపుతారు అనే మాటా నిజమే. అందుకే రెండు చూడాలి. అవసరం నిజమైనదేనా? ఆ భారం ఇష్టం లేనివాళ్ళ మీద పడుతుందా? అమ్మ విషయంలో అవసరం నిజం, నష్టం ఎవరికీ లేదు. అప్పుడు కూడా వంగని రూలు న్యాయం కాదు, మొండితనం.

ఇదంతా రాస్తుంటే నా తప్పూ గుర్తొచ్చింది. అక్క పని చేసుకుంటుంటే "ఇంట్లోనే ఉన్నావు కదా, టిఫిన్ చేసిపెట్టు" అన్నాను. ఆమె ఇంట్లో ఉంది గానీ ఖాళీగా లేదు. ఇప్పుడు పొద్దున అయిదున్నరకే లేచి అవ్వకు నేనే స్నానం చేయిస్తున్నాను. అమ్మకు షిఫ్ట్ ఇంకా దొరకలేదు. మళ్ళీ అడగమని చెప్పాను.

- పదవ తరగతి విద్యార్థిని, హోసూరు