శ్రవణ ప్రసాదము

వీరశైవ దీక్షలో గురువు శిష్యుని కరతలమున ఇష్టలింగము నుంచి, చెవిలో మంత్రము నుపదేశించును. షట్‌స్థల శాస్త్రమున శరణస్థలమునకు ప్రసాదలింగము, దానికి ఇంద్రియము శ్రోత్రము, అర్పింపబడునది శబ్దము. ప్రసాదమనగానే నాలుక జ్ఞప్తికి వచ్చును. పెద్దలు మాత్రము ప్రసాదలింగమును చెవియందు నిలిపిరి. ఇది యోచింపదగిన విషయము. ఉప్పు తక్కువయనియో, తీపి చాలదనియో ప్రసాదమును భక్తుడు పక్కకు నెట్టడు. ఎదుటివాని మాటను మాత్రము సగముననే నెట్టివేయుచుండును.

ఇంటికి వచ్చిన చుట్టము తన కుమార్తె కాపురమును గూర్చి చెప్పనారంభించును. రెండు మాటలు కాకమునుపే గృహస్థు "మా అన్నగారి పిల్లకును ఇట్లే జరిగినది" అని అందుకొనును. అతడు నిర్దయుడు కాడు, ఓదార్చుటకే అట్లనును. కాని చుట్టము చెప్పవచ్చినది ఆ తరువాతి మాట. అది చెప్పకయే కాఫీ త్రాగి వెడలిపోవును. పరీక్ష తప్పిన బాలుడు నోరు తెరువగనే తండ్రి "ముందే చెప్పితిని గదా!" యనును. నాటినుండి వాడు ఇంట ఏమియు చెప్పడు. ఆ మౌనమును వినయమని పెద్దలు మురియుదురు. నేడు చేతిలోని ఫోనును నిందించుట పరిపాటియైనది. ఫోను లేని దినములలోను విననివారు విననేలేదు.

అట్లయిన చాడీలను, పరనిందను గూడ వినవలెనా? లింగమునకు అర్పింపదగనిది ప్రసాదము కానేరదు. అట్టి మాటను ఆపుటలో దోషము లేదు. వినుట యనగా ప్రతిదానికి తలయూపుటయు కాదు. 12వ శతాబ్దమున కల్యాణమునందలి అనుభవమంటపమునకు అక్కమహాదేవి వచ్చినపుడు అల్లమప్రభువు ఆమెను కఠినముగ ప్రశ్నించినట్లు, 15వ శతాబ్దమున సంకలితమైన శూన్యసంపాదనె తెలుపుచున్నది. ఆ ప్రశ్నలు ఆమె నోరు మూయించుటకు వేసినవి కావు. ఆమెచేత మరికొంత చెప్పించినవి. ఎదుటివాని మాటను తుదివరకు విననివానికి అట్టి ప్రశ్న తోచదు. ఆ సభలో చాకలివృత్తి మడివాలు మాచయ్యకు, పడవ నడుపు అంబిగర చౌడయ్యకు గూడ స్థానము కలదు. ఇంటి పనివాని మాట ఎంతవరకు వినబడుచున్నదో ఎవరికి వారే చూచుకొనవలసియున్నది.

అన్నిటికంటె కష్టమైనది వృద్ధుల మాట వినుట. తాతగారు చెప్పినదే చెప్పుచున్నారని మనుమలు లేచిపోవుదురు. కూర్చున్న మనుమరాలికి ఇరువదియవ పర్యాయమున, అంతకుముందెన్నడును వినని పేరొకటి ఆ కథలో వినబడును. అది ఎవరిదని ఆమె అడుగును. తాతగారు కొంత తడవు ఊరకుండి, పిదప చెప్పనారంభింతురు.